యూనుస్ తల్లి ఏమైంది?

అకబా,
అక్టోబరు మొదటి వారం

ప్రియమైన ఇంతిసార్ వదినకు,

ఫోన్ చేయకుండా ఇంత పొడవున ఈమెయిలు రాస్తున్నానేమిటని కంగారు పడకు. ఇక్కడ మా అత్తగారు జపమాల తిప్పుకుంటూ నా పక్కనే కూర్చుంటారు. నేను ఫోన్ ఎత్తానంటే ఆవిడ వేళ్ళు ఆగిపోతాయి. అక్కడ నీ పక్కన మా అమ్మ ఉంటుంది. ఇద్దరి చెవినా పడకూడని సంగతి కనుక రాతే నయం. చదివాక తీసెయ్.

నాకొక మనిషిని వెతికిపెట్టాలి. ఆమె అసలు పేరు నాకు తెలియదు. ముఖం చూడలేదు, గొంతు వినలేదు. నవ్వకు వదినా.

పిల్లల కోసం ఎదురుచూసే ఆడవాళ్ళ గుంపొకటి ఫోన్‌లో ఉందని నీకు ఒకసారి చెప్పాను, గుర్తుందా? దాని పేరు ‘ఊరట వాకిలి’. అందులో ఎవరికీ సొంత పేరుండదు. పుట్టబోయే బిడ్డ పేరుతోనే పిలుచుకుంటాం. నేను ఉమ్ గైస్‌ను, గైస్ తల్లిని. నేను చెప్పే మనిషి ఉమ్ యూనుస్. యూనుస్ ఇంకా పుట్టలేదు, గైస్ పుట్టనట్టే. నేను చేరేనాటికే ఆమె ఆ వాకిట్లో పాతకాపు. తెల్లవారి నమాజు కాగానే మొదటి పలకరింపు ఆమెదే. “ఇవాళ సూది ఎవరికి? ఫలితం ఎవరికి? ఏమీ తినకుండా ఆసుపత్రికి బయల్దేరిన తిక్కపిల్ల ఎవరు?” అని అడిగేది. నా రెండో ప్రయత్నం పోయిన రోజున నేను మంచం దిగలేదు. మీ అందరికీ జ్వరమని చెప్పాను. ఆ రోజంతా నాతో మాట్లాడుతూనే ఉన్నది ఆమె. చివరికి నా చేత ఒక రొట్టెముక్క తినిపించింది, అదీ అక్షరాలతో.

సెప్టెంబరులో ఆమె మాయమైంది. పలకరింపు లేదు, జవాబు లేదు. మా గుంపులో దీనికొక ఆనవాయితీ ఉంది. కడుపు పండినవాళ్ళు ఆ మాట బయటికి చెప్పరు. నాలుగో నెల వచ్చేదాకా దిష్టి భయం. పైగా ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళ ముందు మిఠాయి పంచాలంటే ఎవరికి మనసొప్పుతుంది? అందుకని చడీచప్పుడు లేకుండా తప్పుకుంటారు. ఇంకోరకంగా తప్పుకునేవాళ్ళూ ఉన్నారు. తలాకు అయినవాళ్ళు, ఇంట్లోకి సవతి వచ్చినవాళ్ళు. ఎవరినీ ఏమైందని అడగకూడదు, అడిగితే మహా తప్పు. మంచే జరిగిందనుకుని దువా చేసి ఊరుకోవాలి. ఇప్పుడు అందరూ అదే పనిలో ఉన్నారు, ఉమ్ యూనుస్ వాకిలి దాటిందని ఒకటే సంబరం.

నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఎందుకో చెబుతాను. మాలో మిగిలిపోయిన సూదిమందులు ఒకరికొకరు పంపుకుంటాం, మంచుపెట్టెలో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి. మాయమయ్యే ముందు ఆమె నాకొక పెట్టె పంపింది. తెరిచి చూస్తే అందులో గర్భం నిలవడానికి వేసే సూదులున్నాయి, మూత కూడా తీయని డబ్బా. కడుపు వచ్చినదానికి మూడో నెల దాకా అవి కావాలి వదినా. ఆమె దాచుకోవలసిన మందు నాకెందుకు ఇచ్చేసింది? గుంపులో ఈ మాట అంటే అందరి గుండెలూ జారిపోతాయి. అందుకే నోరు మూసుకున్నాను.

పెట్టె ఇర్బిద్ బస్సులో వచ్చింది. ఒకసారి తన పెరటి దానిమ్మకాయల ఫొటో పెట్టి, మా కుఫర్ సూమ్ కాయలకు సాటి లేదని గొప్ప చెప్పుకుంది. నాకు తెలిసింది అంతే. ఆ ఊరు నీకు దగ్గరే కదా. ఆమె బతికి ఉందో లేదో చూసి చెప్పు.

నీ
రువైదా


ఇర్బిద్,
అక్టోబరు

మరదలు పిల్లా,

ఊరూ పేరూ లేని మనిషిని వెతికిపెట్టమంటావు. నేనేమన్నా పోలీసునా? నలుగురు పిల్లల్ని కన్నదాన్ని, నా రెండో చెప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికే నాకు తీరదు. ఇది రాస్తుంటే ఉబయ్ నా ఒళ్ళో పాలు తాగుతున్నాడు. ఒంటిచేత్తో టైపు చేస్తున్నాను, తప్పులుంటే వాడివి.

పుట్టని పిల్లలకు పేర్లు పెట్టుకుని కూర్చున్నారంటే ‘ఆలు లేదు చూలు లేదు’ అన్న సామెత నోటిదాకా వచ్చింది. మింగేశాను. నీ రెండో ప్రయత్నం పోయినప్పుడు మాకు జ్వరమని చెప్పావని చదివాక ఇంక నవ్వు రాలేదు. ఆ జ్వరానికి నేను నీకు ఫోన్‌లో కషాయం చెప్పాను. నువ్వు “సరే వదినా, కాస్తాను” అన్నావు. నీకు ఎంత నోరు లేకపోతే ఆ మాత్రం చెప్పుకోలేకపోయావు!

అయినా మీ గుంపులో అందరూ చదువుకున్నవాళ్ళే, ఒక్కదానికీ ఆలోచన లేదు. పేరు తెలియదంటావేమిటి? పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. మీ మామగారు గైస్ కాబట్టే కదా మీ ఆయన్ని పెళ్ళి కాకముందు నుంచీ అబూ గైస్, గైస్ తండ్రి, అని పిలుస్తున్నారు. అలాగే ఆమె మామగారు యూనుస్ అయి ఉండాలి. కుఫర్ సూమ్‌లో యూనుస్ అనే పెద్దాయన, పెళ్ళయి పిల్లలు లేని కొడుకు. ఆ ఊరు మొత్తం తిరిగినా ఒక పూట పని.

ఊరికే వెళ్ళి అడిగితే ఎవరూ చెప్పరు. మా తమ్ముడు మిష్ఆల్‌కు పిల్లను వెతుకుతున్నానని చెప్పుకుని వెళతాను. పెళ్ళిసంబంధం అంటే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. అత్తయ్యకూ అదే చెప్పాను. “వాడికి పెళ్ళేమిటి, ఉద్యోగం ఏది?” అంది. మీ అమ్మ నోటికి తాళం ఉండదని నీకు తెలియనిదా?

నువ్వు తింటున్నావా? ఆ ఉమ్ యూనుస్ అడగటం లేదు కాబట్టి నేను అడుగుతున్నాను.

నీ వదిన
ఇంతిసార్


అకబా,
అక్టోబరు

వదినా,

తింటున్నాను. తినకపోతే మా అత్తగారు కారణం అడుగుతారు కనుక తింటున్నాను.

నీకు చెప్పని ముక్క ఒకటుంది. చెబితే నువ్వు భయపడతావని ఆగాను. ఉమ్ యూనుస్ ఇంట్లో రెండో పెళ్ళి మాట నడుస్తోంది. ఆమె అత్తగారు తన తమ్ముడి కూతుర్ని చూసి పెట్టిందట. ఆ పిల్ల ఫొటో తెచ్చి వంటింట్లో గట్టు మీద పెట్టిందట, పొరపాటున మరచిపోయినట్టు. భర్త అవుననడు, కాదనడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పనికి వెళ్ళిపోతాడట. ఆ మనిషి మంచివాడే వదినా. కానీ మంచివాడు నోరు తెరవకపోతే దాన్నేమనుకోవాలి? అలాంటి ఇంట్లో ఒక ఆడది ఏమైపోయినా బయటివాళ్ళకు ఎవరు చెబుతారు?

నాకు చెడ్డ చెడ్డ ఆలోచనలు వస్తున్నాయి. ఉన్న మందంతా దానం చేసి ఇల్లు సర్దుకోవడం ఎవరు చేస్తారు? ఇంక ఏదీ అక్కర్లేదనుకున్నవాళ్ళు చేస్తారు. 

నా మూడో ప్రయత్నం ఈ నెలాఖరుకు మొదలుపెట్టాలని డాక్టరమ్మ చెప్పింది. ఆమె పంపిన సూదులు ఫ్రిజ్‌లో ఆలివ్ ఊరగాయ సీసా వెనక దాచాను. ఫ్రిజ్ తీసినప్పుడల్లా నా కన్ను అటే పోతుంది. ఆమె ఏమైందో తెలియకుండా అవి ఒంట్లోకి ఎక్కించుకోవడం నా వల్ల కాదు.

గుంపులో ఇవాళ ఎవరో ‘ఉమ్ యూనుస్‌కు కవలలని నా మనసు చెబుతోంది’ అని రాశారు. అందరూ ఆమీన్ అన్నారు. నేనూ అన్నాను, అనకపోతే బాగుండదని.

త్వరగా వెళ్ళు.

రువైదా


ఇర్బిద్,
నవంబరు మొదట్లో

రువైదా,

వెళ్ళివచ్చాను. ముందు నవ్వు తెప్పించేది చెబుతాను, తర్వాతది నీకు నచ్చదు.

కుఫర్ సూమ్‌లో యూనుస్‌లు ఇద్దరు. బస్సు దిగి అడిగితే మొదటాయన ఇల్లు చూపించారు. చెవులు కాస్త మందం, మనిషి బంగారం. తమ్ముడికి పిల్లను చూస్తున్నానని నేను అన్నానో లేదో, లోపలికి కేకేసి కూతుర్ని కాఫీ పళ్ళెంతో బయటికి రప్పించాడు. ఆయన భార్య నా పక్కన చేరి నా వంశమంతా అడిగింది. పిల్ల చక్కగా ఉంది, కాఫీ ఇంకా బాగుంది. “మా అమ్మాయి ఎంబ్రాయిడరీ చూస్తారా? మీ తమ్ముడికి ఏం కూర ఇష్టం?” అని ఒకటే ఊపు. వాళ్ళకు పెళ్ళయిన కొడుకే లేడు. ఆ గుమ్మం దాటి బయటపడేసరికి నాకు చెమటలు పట్టాయి. మిష్ఆల్‌కు కబురు పెట్టాను, కొన్నాళ్ళు ఇటువైపు రావద్దని.

రెండో యూనుస్ పోయి చాలా కాలమైందట. ఆయన కొడుకు ఇల్లు ఊరి చివర, వాగు వైపు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేరు. ఇల్లు ఇదేనని నాకు చూడగానే తెలిసిపోయింది. పెరట్లో దానిమ్మ చెట్టుకు కాయలు చెట్టు మీదే పగిలి ఉన్నాయి, పిట్టలు తింటున్నాయి. కోసుకునేవాళ్ళు లేరు. గేటుకు తాళం.

పక్కింటావిడ కిటికీలోంచి చూస్తోంది.

“ఎవరి కోసమమ్మా?”

“ఈ ఇంటివాళ్ళకి బంధువులం.”

“బంధువులైతే మాకంటే మీకే బాగా తెలియాలిగా!”

“దూరపు బంధువులం లెండి. కోడలుగారు ఊళ్ళో లేరా?”

“పెట్టె సర్దుకుని పుట్టింటికి పోయింది. ఆయనే దింపొచ్చాడు. మర్నాడు తనూ తాళమేసి పోయాడు.”

“ఏమన్నా గొడవా?”

“అడక్కు తల్లీ. దేవుడు కప్పిపెట్టిందాన్ని మనం తెరవకూడదు.”

అని కిటికీ మూసేసింది. ఆ పుట్టింటి ఊరేదో కూడా చెప్పలేదు. నాకూ మనసు బాగాలేదు. ఆ పగిలిన కాయలే కళ్ళ ముందు ఉన్నాయి. కానీ పుట్టింటికి పోవడమంటే బతికే ఉందన్నమాట. అది పట్టుకుని ధైర్యంగా ఉండు. నేను ఇంకా వదల్లేదు.

ఇంతిసార్


అకబా,
నవంబరు

వదినా,

ధైర్యంగా ఉండమన్నావు, ఉండలేకపోయాను. నువ్వు రాసింది చదివి నేరుగా గుంపులోకి వెళ్ళి అడిగేశాను. ‘ఉమ్ యూనుస్ ఎక్కడుందో ఎవరికైనా తెలుసా? ఆమెకు మంచి జరగలేదని నాకు భయంగా ఉంది’ అని రాశాను.

ఎవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది.  ఒకామె, ‘కొందరికి ఇంకొకరి కడుపు చల్లగా ఉంటే నిద్రపట్టదు’ అంది. ఇంకొకామె దిష్టి తీసే దువా పెట్టింది. నా కన్ను పడకుండా ఉమ్ యూనుస్ బిడ్డ కోసమట. ఎన్నేళ్ళుగానో నాతో కష్టం పంచుకున్నవాళ్ళు వదినా. చివరికి గుంపును నడిపే పెద్దామె నాకు విడిగా రాసి, కొన్నాళ్ళు నువ్వు బయట ఉంటే అందరికీ మంచిదని చెప్పి, నన్ను గుంపులోంచి తీసేసింది.

ఇప్పుడు నేనూ మాయమైనదాన్నే. రేపు పొద్దున ఉమ్ గైస్ ఏమైందని ఎవరో అనుకుంటారు, అడగరు.

నువ్వు ఇంకోసారి వెళ్ళలేవా? ఆ పక్కింటి కిటికీ కొట్టి అడగలేవా? నీకు నలుగురు పిల్లలు, నీ రోజు గడిచిపోతుంది. నాకు ఈ ఆలోచన తప్ప ఇంకేమీ లేదు. ఇలా రాస్తున్నందుకు కోప్పడకు. ఆమెకు ఏమైనా అయితే నాకు మాట్లాడటానికి ఎవరూ ఉండరు.

రువైదా


ఇర్బిద్,
నవంబరు నెలాఖరు

రువైదా,

దొరికింది. ప్రాణంతో ఉంది, నిక్షేపంలా ఉంది. ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగి మిగతాది చదువు.

ఆ మొదటి యూనుస్ భార్యనే మళ్ళీ పట్టుకున్నాను. అల్లుడు దొరుకుతాడనే ఆశ మీద ఉందేమో, నేను అడగందే ఊరి సంగతులన్నీ చెప్పింది. వాగు పక్క ఇంటి కోడలి పుట్టింటివాళ్ళు జర్కాలో ఉంటారట, ధాన్యం బజారు వెనక రొట్టెల భట్టీ వాళ్ళదేనట. ఉబయ్‌ను చంకనేసుకుని జర్కా బస్సెక్కాను. భట్టీలో అడిగితే పైమేడ చూపించారు. తలుపు తీసింది ఒక పొడుగాటి మనిషి, కళ్ళజోడు, భుజం మీద తువ్వాలు. చంకలో ఒక పిల్లాడు.

“ఉమ్ యూనుస్ మీరేనా?” అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపేసింది.

“ఆ పేరు ఇక్కడ ఎవరికీ తెలీదమ్మా. మీరెవరు?”

“అకబాలో ఉమ్ గైస్ ఉందే, దాని వదినని. మీరు చచ్చిపోయారేమోనని అది అక్కడ సగం చచ్చింది.”

అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది పాపం. తర్వాత అన్నీ చెప్పింది. ఆమె అసలు పేరు నజాహ్. బళ్ళో టీచరు. చివరి ప్రయత్నం పోయాక మొగుడూ పెళ్ళాం కలిసి దిక్కులేని పసిపిల్లల ఆశ్రమానికి దరఖాస్తు పెట్టుకున్నారు. వేసవిలో పిలుపు వచ్చింది. ఆ చంకలో ఉన్నవాడే, పేరు నిబ్రాస్. కుడిచెవి కొంచెం మడిచినట్టు ఉంటుంది. ఉబయ్‌ను చూసి వాడి జుట్టు పట్టుకున్నాడు, నా కొడుకు ఊరుకుంటాడా? ఇద్దరినీ విడదీసేసరికి మా తల ప్రాణం తోకకు వచ్చింది.

పుట్టింటికి ఎందుకొచ్చిందంటే, పాల కోసం. పరాయి పిల్లాడు పెద్దయితే ఆమెకు పరాయి మగాడే కదా, ఎదురుగా తల మీద గుడ్డ తీయడానికి వీల్లేదు. సొంత మనిషి కావాలంటే పాల వావి కలవాలి, అంటే పసితనంలో వాడు ఆ ఇంటి ఆడదాని పాలు తాగాలి. ఆమె చెల్లెలికి చంటిపిల్ల ఉంది. ఆ చెల్లెలే వీడికీ పాలిస్తోంది. దాంతో నజాహ్ వాడికి పాలవరసన పెద్దమ్మ అయింది. ఊళ్ళో జనం నోళ్ళకు భయపడి ఎవరికీ చెప్పకుండా వచ్చారు. ఆయన కూడా అక్కడే, భట్టీలో బావమరిదికి సాయం చేస్తున్నాడు. వాడికి నడక వచ్చాక ఊరికి వెళతారట.

“మరి గుంపులో ఒక్క మాట చెప్పచ్చుగా?” అన్నాను.

“ఏమని చెప్పను? ఇన్నేళ్ళూ యూనుస్ తల్లిని. వీడు ఆశ్రమంలో పెట్టిన పేరుకి తల తిప్పుతాడు, మార్చలేను. నిబ్రాస్ తల్లినని వస్తే, మరి యూనుస్ ఏమయ్యాడని వాళ్ళు అడగరు, కానీ అనుకుంటారు. ఆశ వదిలేసిందని అనుకుంటారు. సూది పొడిపించుకుని మంచం మీద పడుకున్న పిల్లకి నేనేం పాఠం చెప్పినట్టు? ఇంకో సంగతి. యూనుస్‌ని ఏం చెయ్యాలో నాకే తెలీలేదమ్మా. పుట్టనివాడికి ఎలా ఏడవాలో ఎవరూ చెప్పరు కదా.”

నేను వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాను. 

ఇంక నీ సంగతి. బయల్దేరే ముందు, “పోనీలెండి, ఆ రెండో పెళ్ళి మాట సమసిపోయిందిగా” అన్నాను.

“ఎవరి రెండో పెళ్ళి?” అంది.

“మీ ఆయనదే. అత్తగారు తమ్ముడి కూతుర్ని చూశారని, ఫొటో వంటింటి గట్టు మీద...”

“మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారమ్మా. ఆ ఫొటో సంగతి నాకు రాసింది...” అని ఆగిపోయింది. నాలుక కొరుక్కుంది. అప్పటికే నాకు అర్థమైపోయింది.

ఎంత చక్కగా రాశావే రువైదా! అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పనికి వెళ్ళిపోతాడట. అది మీ ఆయన ముఅతసిమ్ అని నాకు తట్టలేదు చూడు, నేనూ ఒక తెలివైనదాన్నే. ముఖం తెలియని మనిషికి చెప్పుకోగలిగావు, నేను పెళ్ళయి వచ్చిన రోజు నుంచి నీ జడ వేసిన వదినకు చెప్పుకోలేకపోయావు. నాకు కోపం కాదు, బాధగా ఉంది. బస్సులో ఉబయ్‌ను పట్టుకుని ఏడ్చాను. పక్కనావిడ నాకు ఏదో చావు కబురు వచ్చిందనుకుని ఓదార్చింది.

జవాబు రాయి. నిజం రాయి.

ఇంతిసార్


అకబా,
డిసెంబరు

వదినా,

నిజమే. ఫొటో మా వంటింటి గట్టు మీదే ఉంది. ఆ పిల్ల మఆన్‌లో ఉంటుంది, నాకంటే చాలా చిన్నది. మా అత్తగారు చెడ్డది కాదు, ఆవిడకు ఒక్కడే కొడుకు. ముఅతసిమ్ ఏమీ మాట్లాడడు. మా గుంపులో మౌనానికి మంచి అర్థం తీసుకోవాలంటారు. ఈ ఇంట్లో నాకు అది చేతకాలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు అన్నయ్యకు చెబుతావు. అన్నయ్య కారేసుకుని వస్తాడు. అప్పుడిక పెద్దలు కూర్చుంటారు, ఆయన నోరు తెరిచి అవునో కాదో అనాల్సి వస్తుంది. నాకు ఆ మాట వినాలంటే భయం. ఉమ్ యూనుస్‌కు చెబితే ఎవరూ రారు, ఏమీ తేలదు, నా గుండె మాత్రం కాస్త తేలికవుతుంది.

డాక్టరమ్మ చెప్పిన తేదీ దాటిపోయింది. నేను వెళ్ళలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సూదులు ఊరగాయ సీసా వెనకే ఉన్నాయి.

నజాహ్ క్షేమమని చదివి నేలకు నుదురు ఆనించి సజ్దా చేశాను. ఆ తర్వాత ఎంత కోపం వచ్చిందో తెలుసా? నన్ను ఆ వాకిట్లో ఒంటరిగా వదిలి తను మాత్రం వెళ్ళిపోయింది అనిపించింది. వెంటనే సిగ్గేసింది. ఆ నిబ్రాస్ చెవి మడిచినట్టు ఉంటుందని రాశావే, ఆ ఒక్క ముక్కా మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. ఎందుకో నాకే తెలియదు.

నాకూ అలా ఒకడు ఉంటే అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ ఆమెకు చెల్లెలుంది. నాకు లేదు. ఎక్కణ్ణుంచో తెచ్చి, నా చేత్తో పెంచి, మీసాలు వచ్చే వయసుకు వాడి ముందు నేను పరాయిదానిలా ముసుగేసుకోవాలా? అది నేను తట్టుకోలేను.

కోపం పోయిందని ఒక్క ముక్క రాయి.

రువైదా


ఇర్బిద్,
ఆ వారమే

ఒసే పిచ్చిదానా,

చెల్లెలు లేదని రాశావు. నేనేం చచ్చానా?

సరిగ్గా విను. నా పాలు తాగినవాడికి మీ అన్నయ్య పాలతండ్రి. తండ్రి తోబుట్టువువి, నువ్వు వాడికి మేనత్తవు. రక్తం పంచుకున్న మేనత్తతో సమానం, మీసం కాదు, గడ్డం వచ్చినా సరే. మగపిల్లాడు కావాలి, ఆడపిల్లయితే మీ ఆయనకు పరాయిదవుతుంది. రెండేళ్ళు నిండని వాడు కావాలి, అంతే. మసీదు ఇమాముగారిని కూడా అడిగించాను, ఎవరికోసమో చెప్పకుండా. ఇదే మాట అన్నాడు.

మీ అన్నయ్యతో చెప్పాను. అంతా చెప్పాను, ఆ ఫొటోతో సహా. తిట్టుకో. కారు తాళాల కోసం లేచాడు నువ్వన్నట్టే. కూర్చోబెట్టి పాల సంగతి చెప్పాను.  తర్వాత, “రువైదాకి ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు?” అని నా మీదే ఎగిరాడు.

ఈ నెలలో ఉబయ్‌కు మాన్పించేద్దామని అనుకున్నాను. పళ్ళొచ్చాయి, కొరికి చంపుతున్నాడు. చేదు పూస్తే మానేస్తాడని అత్తయ్య కలబంద రసం కూడా తెచ్చి పెట్టింది. నువ్వు ఒక్క మాట చెబితే ఆగుతాను. కానీ పాలు నా మాట విని ఎల్లకాలం ఉండవు. పిల్లాడు తాగినంత కాలమే ఉంటాయి.

ముందు ఆ మనిషిని అడుగు. అన్నం తిని చెయ్యి కడుక్కునే లోపు అడుగు. ఆయన మౌనానికి నువ్వే అర్థాలు చెప్పుకుని కుమిలిపోతున్నావు. ఆయన చేతే చెప్పించు. కాదంటే అప్పుడు మీ అన్నయ్య కారు ఎలాగూ ఉంది.

కోపం ఎప్పుడో పోయింది.

నీ వదిన


అకబా,
డిసెంబరు చివర

ప్రియమైన వదినకు,

అడిగాను. ఇంట్లో కాదు. రేవు దగ్గర ఆయన పని ముగిసే వేళకు చేపా అన్నం పట్టుకుని వెళ్ళాను. అలా వెళ్ళడం మా పెళ్ళయ్యాక ఇదే మొదలు. నన్ను చూసి ఆయన భయపడ్డాడు, అమ్మకేమైనా అయిందా అని. ఫొటో తీసి ఇద్దరి మధ్య పెట్టాను.

“దీని సంగతేంటి?”

“అదెందుకు తెచ్చావు?”

“మీరు ఎప్పుడూ ఏమీ అనలేదు.”

“ఏమనాలి? నేను నోరు తెరిస్తే అమ్మన్నా ఏడవాలి, నువ్వన్నా ఏడవాలి. ఎవరూ ఏడవకూడదని ఊరుకున్నా.”

“మీరు ఊరుకుంటే నేను ఏడవలేదనుకున్నారా?”

ఫొటో తిరగేసి పెట్టాడు. తర్వాత, “నాకు ఇంకో పెళ్ళాం ఎందుకే? ఉన్నదానికే భయపడి చస్తున్నా” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. అప్పుడు నజాహ్ సంగతి చెప్పాను, నిబ్రాస్ సంగతి, నీ సంగతి. నువ్వు పాలిస్తానన్న మాటా చెప్పాను. “పిల్లాడికి ఈతొస్తుందా?” అన్నాడు. పసివాడికి ఈతేమిటి వదినా! ఆ మనిషి సంతోషం అలాగే ఉంటుంది.

ఆ సాయంత్రమే అత్తగారితో చెప్పాడు, నా ఎదుటే, నిలబడి చెప్పాడు. ఆవిడ జపమాల తీసుకుని వేరే గదిలోకి మారిపోయారు. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. ఆ గది తలుపు చూస్తే నాకు భయంగానే ఉంటుంది. కానీ నిన్న, ముఅతసిమ్ చిన్నప్పటి బట్టలు కుట్టిన కుట్టుమిషను దుమ్ము తుడుస్తూ కనబడ్డారు. అదేమిటని నేను అడగలేదు.

నజాహ్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆమె గొంతు నేను అనుకున్నట్టు లేదు, బొంగురు. తను క్షేమమన్న మాట మాత్రం గుంపుకు చెప్పమంది, ఇంకేమీ వద్దంది. పెద్దామెకు రాశాను. ఆవిడ నాకు క్షమాపణ చెప్పి ఇంకో మాట రాసింది. నన్ను తీసేసిన సంగతి చాలామందికి తెలియదట. ఉమ్ గైస్ కూడా వాకిలి దాటిందని నా కోసం దువా చేస్తున్నారట. కాదని చెప్పనా అని అడిగింది. వద్దన్నాను, చేయనివ్వమన్నాను. సూదులు తఫీలాలో ఒక కొత్తపిల్లకు పంపేశాను.

దరఖాస్తు ఇచ్చాం. కాగితాలు, పరీక్షలు, ఇల్లు చూడటానికి రావడం, ఇంకా చాలా ఉన్నాయట. ఎంత కాలం పడుతుందని అడిగితే అక్కడి అమ్మాయి నవ్వుతుంది తప్ప చెప్పదు. రోజూ తెల్లవారి లేచి, ఇవాళ పిలుస్తారా అనుకుంటాను. పిలిచేసరికి నీ పాలకు ఆలస్యమైపోతుందేమోనని అంతకంటే ఎక్కువ భయం.

కొరికినా ఓర్చుకో. ఉబయ్‌కు పాలు మాన్పించకు వదినా.

నీ
రువైదా